నూనెలో నీరు, నెత్తురులో లోటు

ఇక్కడ నేను సాధారణంగా రక్తపోటు గురించి, మధుమేహం గురించి, ఎండాకాలంలో వడదెబ్బ గురించి రాస్తూ ఉంటాను. ఈసారి ఒక పాత మరపడవ ఇంజను గురించి రాస్తున్నాను. వైద్యుడికీ పడవ ఇంజనుకూ ఏమి సంబంధమని మీకు అనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టండి. మీ ఇంట్లో పాలిపోయిన ముఖంతో, నాలుగు మెట్లు ఎక్కగానే ఆయాసపడుతూ, "ఏదో నీరసంలే" అని తిరుగుతున్న పెద్దవారు ఉంటే, ఈ కథ వారికి సంబంధించినదే.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నియమం. ఆ రెండు నెలలూ కాకినాడ ఉప్పుటేరులో పడవలు ఒకదానికొకటి ఆనుకొని కట్టేసి కనిపిస్తాయి. వలలు అల్లుకోవడం, చెక్కకు రంగులు వేయడం, ఇంజన్లు విప్పడం అన్నీ ఆ రోజుల్లోనే. పాత పడవల బేరాలూ అప్పుడే జరుగుతాయి. రెండేళ్ల కిందట అటువంటి ఒక మే నెలలో, ముప్పై అయిదు దాటిన ఒక మత్స్యకారుడు మా ఇంటికి వచ్చాడు. అతని తండ్రి ఒకప్పుడు నా దగ్గర వైద్యం చేయించుకున్నవాడు. ఆ తండ్రి సంగతి తరువాత చెబుతాను.

"పడవ బేరం కుదిరిందండి. అడ్వాన్సు కూడా ఇచ్చేశానండి. రేపు ఇంజను చూడ్డానికి మెకానిక్ వస్తాడు. మీరు కూడా ఒకసారి రావాలండి" అన్నాడు.

"ఇంజన్ల సంగతి నాకేం తెలుసయ్యా?" అన్నాను.

"మీకు తెలియక్కర్లేదండి. పెద్దమనిషి పక్కనుంటే అమ్మేవాళ్లు అడ్డంగా మాట్లాడరండి."

ఇరవై ఏళ్లు ఇతరుల పడవల మీద కళాసీగా, ఆ తరువాత డ్రైవరుగా పనిచేసి, భార్య నగలు తాకట్టు పెట్టి, మిగిలింది అప్పు తెచ్చి కొంటున్న పడవ అది. కాదనలేకపోయాను.

మెకానిక్ అరవై ఏళ్లవాడు. లారీ షెడ్లలో పని నేర్చి, తరువాత రేవుకు వచ్చి స్థిరపడ్డాడు. పడవ ఎక్కిన తరువాత అతడు ఇంజను మీద చెయ్యి వేయలేదు. ఇంజను గది అంచున కూర్చొని, అమ్మేవారి తరఫు మనిషిని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. ఇది చివరిసారి వేటకు ఎప్పుడు వెళ్లింది, ఎందుకు అమ్ముతున్నారు, ఎప్పుడైనా ఇంజను గదిలోకి నీళ్లు ఎక్కాయా, ఎప్పుడైనా వేడెక్కి ఆగిందా, నూనె ఎప్పుడు మార్చారు, మార్చినప్పుడు ఎన్ని లీటర్లు దిగింది, ఎన్ని లీటర్లు పోశారు. ఈ చివరి రెండు ప్రశ్నలకు సమాధానం సరిగా రాలేదు. పోసిందానికంటే ఎక్కువ దిగిందంటే, మిగతాది నూనె కాదని అర్థమట. వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు రోగి పొట్ట మీద చెయ్యి వేయబోయిన నన్ను మా ఆచార్యులు ఆపి, "ముందు కుర్చీలో కూర్చొని అడుగు" అని గద్దించిన సంగతి గుర్తుకొచ్చింది. ఆ మందలింపును నేను ఎన్నిసార్లు మరిచిపోయానో కూడా గుర్తుకొచ్చింది.

అమ్మేవారి మనిషి ఉత్సాహంగా డిప్‌స్టిక్ బయటికి తీసి చూపించాడు. "నూనె చూడండి, బంగారంలా ఉంది" అన్నాడు. నిజమే. పుల్ల చివర తేనె రంగులో మెరుస్తోంది. కొనుక్కునే అబ్బాయి ముఖం వికసించింది. మెకానిక్ ముఖం మాత్రం ముడుచుకుంది.

"డీజిల్ ఇంజనులో నూనె తేనెలా ఉందంటే ఇంజను బాగుందని కాదు బాబూ. నూనె మొన్నటిదని" అన్నాడు.

డీజిల్ మండినప్పుడు మసి పుడుతుంది. ఆ మసిలో కొంత భాగం నూనెలోకి దిగుతుంది. కొత్త నూనె పోసి కొన్ని గంటలు నడిపితే చాలు, అది నల్లబడిపోతుంది. నల్లబడటం జబ్బు కాదు, మసిని తనలో ఇముడ్చుకోవడం నూనె చేయవలసిన పనుల్లో ఒకటి. భయపడవలసింది నూనె పాలు కలిపిన టీ రంగుకు తిరిగినప్పుడు. నీరూ నూనె సహజంగా కలవవు గాని, ఇంజను తిరుగుడులో రెండూ చిలకబడి వెన్నలాంటి చిక్కని ద్రవంగా మారతాయి. ఆ ద్రవం బేరింగులను కాపాడలేదు. తిరిగే ఇరుసుకూ దాన్ని పట్టి ఉంచే బేరింగుకూ మధ్య ఉండవలసిన పలుచని నూనె పొర తెగిపోతుంది, లోహం లోహాన్ని ఒరుసుకుంటుంది. అందులో ఉప్పునీరు ఉంటే ఇంజను ఆగి ఉన్నప్పుడు కూడా తుప్పు తన పని చేస్తూనే ఉంటుంది. ఒడ్డున ఇంజను పట్టేస్తే మరమ్మతు ఖర్చుతో పోతుంది. తీరానికి నలభై కిలోమీటర్ల దూరంలో, గాలి మారుతున్న వేళ పట్టేస్తే పడవలో ఉన్న ఏడెనిమిది మంది గతేమిటో మీరే ఊహించుకోండి.

తరువాత మెకానిక్ నూనె పోసే మూత విప్పాడు. మూత లోపలి వైపు పలుచగా తెల్లని పూత ఉంది. నేను వెంటనే, "అదుగో నీరు!" అన్నాను. అతడు నవ్వి, "ఇది ఒక్కటే అయితే లెక్కలోకి రాదండి డాక్టరుగారూ. అన్నం గిన్నె మూతకు చెమట పట్టదా? అలాంటిది" అన్నాడు. రేవులో కట్టేసిన పడవ ఇంజనును నాలుగైదు రోజులకొకసారి పది నిమిషాలు నడిపి ఆపేస్తారు. లోపలి తేమ ఆవిరై పోయేంత వేడి పుట్టదు, చల్లని మూతకు అంటుకొని నురగలా నిలుస్తుంది. ఇంజనును బరువు మీద బాగా వేడెక్కేలా నడిపితే అది పోతుంది. రక్తపరీక్ష కాగితంలో ఒక అంకె పక్కన నక్షత్రపు గుర్తు చూసి రాత్రంతా నిద్రపోని వారు నాకు తరచూ ఫోను చేస్తుంటారు. వారికి ఈ మూత సంగతి చెప్పాలని అప్పుడే అనుకున్నాను.

అసలు నీరు ఇంజను నూనెలోకి ఎలా వస్తుంది? మరపడవ ఇంజనులో సాధారణంగా రెండు రకాల నీళ్లు తిరుగుతాయి. ఒకటి ఇంజను చుట్టూ తిరిగే మంచినీరు. రెండోది, ఆ మంచినీటిని చల్లబరచడానికి పడవ అడుగునుంచి పంపు తోడే సముద్రపు నీరు. హెడ్ గ్యాస్కెట్ పోయినా, హెడ్డు బీటలు వారినా, లైనర్ల కింద ఉండే రబ్బరు రింగులు నలిగినా నూనెలోకి వచ్చేది మంచినీరు. సముద్రపు నీటి పంపు సీలు అరిగినా, నూనెను చల్లబరిచే కూలరులో గొట్టం చిల్లుపడినా వచ్చేది ఉప్పునీరు. ఇవి కాక పొగగొట్టానికి మూత లేక వాన నీరు దిగడం, పడవ ఎప్పుడో మునిగి లేవడం కూడా ఉన్నాయి. కనబడే లక్షణం ఒక్కటే, పాలవంటి నూనె. దాని వెనుక కారణాలు ఇన్ని. కొన్ని వందల రూపాయల సీలుతో పోయేవి కొన్ని, ఇంజను మొత్తం విప్పించేవి కొన్ని.

ఇక్కడ నూనె కొత్తది కనుక ఆ లక్షణం కూడా కనబడటం లేదు. దాన్ని బయటికి రప్పించాలి. అందుకు మెకానిక్ ఒక పగలూ ఒక రాత్రీ గడువు అడిగాడు. అమ్మేవారి మనిషి కొంత నసిగాడు. నేను పెద్దమనిషి హోదాలో, "దాచడానికి ఏమీ లేనప్పుడు ఒక్క రాత్రికి ఏం పోతుంది?" అన్నాను. ఒప్పుకున్నాడు.

ఇంజనుకు సెల్ఫ్ కొట్టే ముందు మెకానిక్ పెద్ద పానాతో క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పాడు. చాలాకాలం ఆగిన ఇంజనులో, నీరు చేరిందన్న అనుమానం ఉన్నప్పుడు, నేరుగా సెల్ఫ్ కొట్టకూడదట. సిలిండరులో నీరు నిలిచి ఉంటే అది గాలిలా నలగదు, పైకి వచ్చే పిస్టనుకు అడ్డంగా నిలుస్తుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. చేత్తో తిప్పినప్పుడు ఎక్కడా అడ్డు తగలలేదు. అప్పుడు స్టార్టు చేసి అరగంట నడిపాడు. నడుస్తుండగా, సముద్రపు నీరు బయటికి చిమ్మే గొట్టం కింద ఒక బకెట్టు పట్టాడు. రేవు నీటి మీద నూనె తెట్టు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి దాన్ని చూసి ఏమీ తేల్చలేము, అందుకని బకెట్టు. బకెట్టులోని నీటి మీద ఇంద్రధనుస్సు రంగుల పలుచని పొర తేలింది. అతడు ఏమీ అనలేదు. ఇంజను ఆపి, నూనె అడుక్కి దిగేదాకా అరగంట ఆగి, డిప్‌స్టిక్ మీద నూనె మట్టం దగ్గర ఆకురాయితో సన్నని గీత గీశాడు. సముద్రపు నీరు లోపలికి వచ్చే వాల్వును మూయకుండా వదిలేసి, "పొద్దున్నే వస్తాను, ఎవరూ ముట్టుకోవద్దు" అని వెళ్లిపోయాడు. ఆ రాత్రి కొనుక్కునే అబ్బాయి పడవ మీదే పడుకున్నాడు.

మర్నాడు ఉదయం ఆరు గంటలకు చూస్తే నూనె మట్టం గీతకు వేలెడు పైన ఉంది. పుల్ల మీద నూనె మాత్రం ఇంకా తేనె రంగులోనే ఉంది. నీరు నూనెకంటే బరువైనది కాబట్టి అడుక్కి చేరి ఉంటుంది, పైన తేలే నూనెను మాత్రమే చూస్తే ఏమీ తెలియదు. పడవలో ఇంజను అడుగున చెయ్యి దూరే చోటు లేదు. అందుచేత మెకానిక్ డిప్‌స్టిక్ రంధ్రంలోంచి సన్నని గొట్టం చాంబరు అడుగు తగిలేదాకా దింపి, చేతిపంపుతో లాగాడు. మొదట ఒక గ్లాసుడు బూడిద రంగు నీరు వచ్చింది. దాని వెనుక మజ్జిగలాంటిది కొంచెం. ఆ తరువాత శుభ్రమైన నూనె.

ఆ నీటిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకోబోయాడు. ఉప్పో కాదో తెలుసుకోవడానికి అది వారి అలవాటు. నేను చెయ్యి పట్టుకొని ఆపాను. ఇంజను మంచినీటిలో చాలామంది కూలెంటు కలుపుతారు. అందులో సాధారణంగా ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. రుచికి తియ్యగా ఉంటుంది, మూత్రపిండాలను దెబ్బతీసే విషం. వేలి చివర తడికి ప్రాణం పోదు గాని, ఈ రుచి చూసే అలవాటు ఉన్నచోట కూలెంటు డబ్బాలు, నీళ్ల సీసాలు పక్కపక్కనే ఉంటాయి, పిల్లలూ అక్కడే తిరుగుతుంటారు. పొరపాటున ఎవరైనా తాగితే వాంతి చేయించే ప్రయత్నాలతో కాలం వృథా చేయకుండా, ఆ డబ్బా కూడా పట్టుకొని వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. మొదటి గంటల్లో మత్తుగా తాగినవాడిలా మాత్రమే కనబడతాడు, మూత్రపిండాల దెబ్బ తరువాత బయటపడుతుంది.

నాలుకకు బదులు మెకానిక్ ఇంకో దారి చూపాడు. ఒక పాత గరిటెలో ఆ నీరు పోసి స్టవ్వు మీద మరిగించి ఆవిరి చేశాడు. గరిటె అడుగున తెల్లని ఉప్పు పేరుకుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. గరిటెడు నీటికి అంత తెల్లని అట్ట మంచినీటితో కట్టదు. పనిలో పనిగా, ఒక రేకును బాగా కాల్చి దాని మీద మజ్జిగ రంగు నూనె చుక్క వేసి చూపించాడు. తాలింపులో తడి కరివేపాకు వేసినట్టు చిటపటలాడింది. నూనెలో వెయ్యోవంతు నీరున్నా ఆ చప్పుడు వినిపిస్తుందని చెప్పాడు. ఆ చుక్క కంట్లోకి చిందవచ్చు కనుక కళ్లద్దాలు పెట్టుకోకుండా ఎవరూ ఆ పని చేయవద్దు.

ఉప్పునీరు అని తేలగానే హెడ్ గ్యాస్కెట్టూ లైనర్లూ అనుమానితుల జాబితాలోంచి వెళ్లిపోయాయి. మిగిలినవి పంపు సీలు, ఆయిల్ కూలరు. బకెట్టులోని ఇంద్రధనుస్సు అక్కడ పనికొచ్చింది. ఇంజను నడుస్తున్నప్పుడు కూలరులో నూనె ఒత్తిడి సముద్రపు నీటి ఒత్తిడికంటే ఎన్నోరెట్లు ఎక్కువ. గొట్టానికి చిల్లు ఉంటే నూనె నీటిలోకి పోతుంది. ఇంజను ఆగగానే నూనె ఒత్తిడి సున్నా అవుతుంది. ఇంజను నీటి మట్టానికి దిగువన కూర్చొని ఉంది, వాల్వు తెరిచి ఉంది. అప్పుడు నీరు నూనెలోకి వస్తుంది. పంపు సీలు పోతే నీరు లోపలికి వస్తుంది గాని, నూనె ఇలా చిమ్మే నీటిలో కలవదు. పగలు ఒక దిక్కుకు, రాత్రి ఇంకో దిక్కుకు కారే ఈ రోగాన్ని పట్టుకోవడానికే అతడు రాత్రి గడువు అడిగాడు.

కూలరును విప్పి, ఒక వైపు మూసి, రెండో వైపు గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచాడు. సైకిలు ట్యూబు పంక్చరు చూసినట్టే. రెండు గొట్టాల దగ్గర బుడగలు వచ్చాయి. సముద్రపు నీరు లోహాన్ని తినకుండా, తన ఒళ్లు అరగదీసుకొని కాపాడే జింకు కడ్డీ ఒకటి అటువంటి కూలర్లకు ఉంటుంది. దాన్ని అప్పుడప్పుడు మార్చాలి. బిరడా విప్పి చూస్తే కడ్డీ ఆనవాలే లేదు.

అమ్మేవారి మనిషి తేలికపడ్డాడు. "ఇంతేనా! కూలరు మార్చేద్దాం. మళ్లీ కొత్త నూనె పోసేద్దాం. అయిపోయె" అన్నాడు. కొనుక్కునే అబ్బాయి కూడా తల ఊపాడు.

మెకానిక్ ఒప్పుకోలేదు. "నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయో తెలిసింది బాబూ. ఎన్నాళ్లనుంచి వస్తున్నాయో తెలియాలి కదా" అన్నాడు.

ఆ మాట దగ్గర నా మనసు ఆ రేవులోంచి చాలా దూరం వెళ్లిపోయింది.

1996లో ఆ అబ్బాయి తండ్రి నా దగ్గరకు వచ్చాడు. యాభై ఏళ్లవాడు. వల లాగుతుంటే ఆయాసం వస్తోందన్నాడు. కనురెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగా ఉంది. హిమోగ్లోబిన్ 7 గ్రాములు. మలపరీక్షలో కొంకి పురుగు గుడ్లు కనిపించాయి. తడి ఇసుకలో చెప్పుల్లేకుండా తిరిగే ఊళ్లో ఆ పురుగు కొత్తేమీ కాదు. పురుగుల మందు ఇచ్చి, ఇనుము మాత్రలు రాశాను. మూడు నెలల్లో హిమోగ్లోబిన్ 11కు పెరిగింది. ఆయన సంతోషించాడు, నేను ఆయనకంటే ఎక్కువ సంతోషించాను. మరుసటి ఏడు మళ్లీ 8కి పడిపోయి వచ్చాడు. "మళ్లీ చెప్పుల్లేకుండా తిరిగావా?" అని కసిరి, మళ్లీ అవే మాత్రలు రాశాను. ఈసారి మలపరీక్ష కూడా చేయించలేదు. "మలం నల్లగా వస్తోందండి" అన్నాడు. "ఇనుము మాత్రలు వేసుకుంటే అలాగే వస్తుంది" అన్నాను. అది అబద్ధం కాదు. అయితే ఆ నలుపులో ఎంత భాగం మాత్రలది, ఎంత భాగం నెత్తురుది అని నేను ఆలోచించలేదు. మాత్రలతో మళ్లీ కాస్త పుంజుకున్నాడు.

మూడోసారి వచ్చినప్పుడు పొట్ట కుడివైపు చేతికి గడ్డ తగిలింది. పెద్దపేగు మొదటి భాగంలో క్యాన్సరు. అప్పటికే కాలేయానికి పాకింది. ఏడు నెలలకు పోయాడు.

పెద్దపేగు కుడిభాగంలో పుట్టే కణితి చాలాకాలం నొప్పి పెట్టదు, దారి మూయదు. అక్కడ మలం ఇంకా పలుచగా ఉంటుంది కాబట్టి కదిలిపోతూనే ఉంటుంది. కణితి చేసేది ఒక్కటే, రోజూ కొంచెం కొంచెంగా నెత్తురు కార్చడం. కంటికి ఎర్రగా కనబడదు. కారే నెత్తురుతో పాటు ఒంట్లోని ఇనుము పోతుంది. నేను మాత్రలతో ఇనుము నింపాను, అది కారిపోయింది, మళ్లీ నింపాను. ప్రతిసారీ పెరిగిన అంకెను చూసి రోగం తగ్గిందనుకున్నాను. చిల్లుపడిన కూలరును వదిలేసి నూనె మార్చడం అంటే అదే. పెద్దపేగులోకి కెమెరా పంపే పరీక్ష అప్పట్లో మా దగ్గరలో లేదు. కాని బేరియం ఎక్స్‌రే ఉంది. రెండోసారి వచ్చినప్పుడు అది రాసి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. రాయవలసి ఉండిందని మాత్రం చెప్పగలను.

పురుగు గుడ్లు కనబడటం నన్ను తప్పుదోవ పట్టించింది. ఒక కారణం దొరికితే వెతకడం ఆపేస్తాం, రెండోది కూడా ఉండవచ్చునని తోచదు. మెకానిక్‌కు మూత లోపలి తెల్లపూత దొరికింది. "తేమ" అని సరిపెట్టుకొని దిగిపోయి ఉండవచ్చు. దిగలేదు.

ఇప్పుడు మీ ఇంటి సంగతికి వస్తాను. పురుషులలో హిమోగ్లోబిన్ 13 గ్రాములకు, గర్భం లేని స్త్రీలలో 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటారు. అది జ్వరం వంటిది, రోగం పేరు కాదు. ఫెరిటిన్ పరీక్షలో ఇనుము నిల్వలు తగ్గాయని తేలితే, ఆ ఇనుము ఎక్కడికి పోయిందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. నెలసరి సాగుతున్న స్త్రీలలో దానికి తరచు జవాబు ఉంటుంది. మగవారిలో, నెలసరి ఆగిన స్త్రీలలో ఆ జవాబు లేదు. వారిలో ఇనుము తగ్గిందంటే జీర్ణాశయంలోనో పేగుల్లోనో నెత్తురు కారుతోందేమోనని చూసి తీరాలి. పైనుంచి ఎండోస్కోపీ, కిందినుంచి కొలనోస్కోపీ అని మీ వైద్యుడు రాస్తే డబ్బు గుంజడానికి అనుకోకండి. రాయకపోతే, "నెత్తురు ఎక్కడ పోతోందండీ?" అని మీరే మర్యాదగా అడగండి. మలంలో కంటికి కనబడని రక్తం కోసం చేసే పరీక్షలో ఏమీ లేదని వచ్చినా, ఇనుము లోటు ఉన్నప్పుడు ఆ ఒక్క కాగితంతో నిశ్చింత పడకూడదు. కారడం కొన్ని రోజులు ఉంటుంది, కొన్ని రోజులు ఉండదు.

ప్రతిదీ క్యాన్సరు అని భయపెట్టడం లేదు. నడుం నొప్పికి, మోకాళ్లకు దుకాణంలో సొంతంగా కొని మింగే నొప్పి మాత్రలు కడుపులో పుండు చేసి నెత్తురు కార్చడం నేను ఎంతోమందిలో చూశాను. మొలలు ఉంటాయి, కొంకి పురుగులు ఉంటాయి. కాబట్టి డాక్టరు మొదట అడిగే ప్రశ్నలకు నిజం చెప్పండి. నూనె ఎన్ని లీటర్లు దిగిందో చెప్పని మనిషిలా ఉండకండి. ఇనుము మాత్రలు కూడా మానవద్దు. కారణం వెతుకుతూనే అవి వేసుకోవాలి. మాత్రలకు అంకె పెరిగిందని వెతకడం మాత్రం ఆపవద్దు.

రేవుకు తిరిగి వెళదాం. నూనె మార్చినవారు ఫిల్టరు మార్చలేదు. దాని అంచు తుప్పు చూసి మెకానిక్ ముందే కనిపెట్టాడు. రంపంతో ఫిల్టరు డబ్బా కోసి, లోపలి మడతల కాగితాన్ని విప్పి ఎండలో పరిచాడు. మడతల్లో గోధుమ రంగు జిగురు, దాని మధ్య సన్నని లోహపు తళుకులు. నూనె పాతబడక ముందే మార్చారు గాని, అది ఎన్నాళ్లుగా ఏం మోసిందో ఫిల్టరు దాచుకుంది. "ఇవి బేరింగులవి. ఇది ఈ నెల రోగం కాదు" అన్నాడు. ఆ కాగితాన్ని ఒట్టి చేతులతో పిండి చూస్తున్నాడు. ముప్పై ఏళ్లుగా అంతేనట. వాడేసిన ఇంజను నూనెలో చర్మ క్యాన్సరుకు దారితీయగల పదార్థాలు ఉంటాయి. తొడుగులు వేసుకోమని చెప్పాను, నవ్వాడు. ఆ నూనెను మోకాళ్ల నొప్పికి మర్దన చేసుకునేవారూ రేవులో ఉన్నారు. వారికి కూడా ఇదే మనవి.

బేరం మళ్లీ మొదలైంది. ఫిల్టరు కాగితం ఎదుట పరిచి ఉండగా అమ్మేవారి మనిషి ఎక్కువ వాదించలేకపోయాడు. పడవ చెక్క గట్టిది. ఇంజను పూర్తిగా విప్పడానికి అయ్యే ఖర్చుకంటే కొంచెం ఎక్కువే ధరలో తగ్గించారు. మెకానిక్ లెక్కవేసి, "తీసుకోవచ్చు" అన్నాక అబ్బాయి కొన్నాడు. ఇంజనును పైకి ఎత్తి చాంబరు విప్పినప్పుడు నన్ను పిలిచి చూపించాడు. బేరింగు చిప్పల మీద ఉండవలసిన బూడిద రంగు పూత రెండు చోట్ల పూర్తిగా అరిగి, కింది రాగి రంగు బయటపడింది. క్రాంకును గ్రైండింగుకు పంపారు. కొత్త చిప్పలు, కొత్త కూలరు, కొత్త జింకు కడ్డీ వేశారు. చవక నూనె పోసి నడిపి దింపడం మూడుసార్లు చేశారు. మూడోసారి దిగిన నూనె చిటపటలాడలేదు. జూన్ 15న అందరూ వేటకు వెళ్లినప్పుడు అతని పడవ గట్టునే ఉంది. ఇరవై రోజులు ఆలస్యంగా వెళ్లింది.

ఈ వ్యాసంలో అతని తండ్రి సంగతి రాయడానికి ముందు అతని అనుమతి తీసుకోవాలి. మొన్న నిషేధం రోజుల్లో ఇంటికి పిలిచి, రాసినదంతా చదివి వినిపించాను. 1996 నాటి భాగం దగ్గర నా గొంతు నిలబడలేదు. పూర్తయ్యాక అతడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అప్పుడతనికి ఎనిమిదేళ్లు. "నాన్నగారు ఆ నల్ల మాత్రలు బెల్లం ముక్కతో వేసుకునేవారండి, అదొక్కటే నాకు గుర్తు" అన్నాడు. తరువాత, "రాయండి డాక్టరుగారూ. పేరు మాత్రం వద్దు" అన్నాడు. నేను క్షమాపణ చెప్పాను. దానికి అతడు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, వాళ్ల అమ్మకు ఈమధ్య నీరసంగా ఉంటోందని, ఊళ్లో ఎవరో బలం మాత్రలు ఇచ్చారని చెప్పాడు. మర్నాడే తీసుకురమ్మన్నాను. తీసుకొచ్చాడు. హిమోగ్లోబిన్ 9. ఫెరిటిన్ తక్కువ. కొలనోస్కోపీకి వచ్చే బుధవారం సమయం తీసుకున్నాము.